బూడిద రంగు దారం

“అమ్మ పోయి నెలయింది. అయినా తెల్లారేసరికి ఆమె సూదుల్లో ఎవరో దారం ఎక్కించి పెడుతున్నారు” అంది వచ్చినావిడ. కుర్చీ అంచున కూర్చుంది. చేతిసంచీ ఒళ్లోంచి దించలేదు.

డిటెక్టివ్ కలానికి మూత పెట్టాడు. అతని సహాయకురాలు నోటుబుక్కు తెరిచింది.

వచ్చినావిడ గ్రంథాలయ ఉద్యోగి. తల్లి ఇంటి ముందుగదిలోనే నలభై ఏళ్లు దర్జీ పని చేసి ఇద్దరు పిల్లల్ని పెంచింది. చివరి ఆరేళ్లు చూపు మందగించినా గుండీలు, అంచులు చేత్తోనే కుట్టేది.

“ఆ ఇంట్లో ఎవరుంటారు?”

“అన్నయ్య, వదిన. పొద్దున్నే కటింగ్ మాస్టారు వస్తారు, తాళం ఆయన దగ్గరా ఉంది. నా అనుమానం వదిన మీదే. అమ్మతో ఆరేళ్లు మాట్లాడలేదు. ఇప్పుడిలా వెక్కిరిస్తోంది. అదే నిజమైతే ఆ గడప మళ్లీ తొక్కను.”

“తొక్కకపోతే మీకింకెవరున్నారు?”

సహాయకురాలు ప్రశ్న రాసుకుంది. వచ్చినావిడ ఇంటి చిరునామా చెప్పింది.

ఆ ఇంటి ముందుగదిలో గోడ అర నిండా దారం రీళ్లు, రంగుకొకటి. మిషన్ మీద సగం కుట్టిన ఆకుపచ్చ కోటు. సూదుల దిండుకు పది సూదులు గుచ్చి ఉన్నాయి. పదింట్లోనూ బూడిద రంగు దారమే. ఆ రీలు మాత్రం అరలో లేదు, దిండు పక్కన ఉంది.

“దారం కొసలు చూడు” అన్నాడు డిటెక్టివ్. పీచు లేచి ఉన్నాయి.

కటింగ్ మాస్టారు గుమ్మంలోనే నిలబడ్డాడు. “ఆకుపచ్చ కోటుకి బూడిద దారం ఎక్కిస్తానా? మొహమాటపడకండి బాబూ, ఇంతకన్నా పెద్ద తిట్టే తిట్టండి.”

అన్నగారిని సంతకం అడిగితే, కళ్లజోడు పెట్టుకుని కూడా కాగితాన్ని చేయి చాచి పట్టుకున్నాడు. “సూదా? గుమ్మంలో ఏనుగు కనబడితే గొప్ప నాకు.”

వదినగారు మంచినీళ్లు తెచ్చింది. “నాకేం తెలీదు” అంది, దిండు వైపు చూస్తూ.

సాయంత్రం నలుగురినీ ఆ గదిలోనే కూర్చోబెట్టాడు.

“మాస్టారైతే కోటుకు తగిన రంగు తీసేవారు. అన్నగారికి చూపు చాలదు. అసలు ఎక్కించినవాళ్లు రంగు ఎంచుకోనేలేదు. రీలు పెద్దావిడ పెట్టిన చోటే ఉంది. మాస్టారూ, ఆవిడ చివరిరోజు మర్నాటికని ఏ పని ఉంచారు?”

“బూడిద ప్యాంటుకి గుండీలు. తర్వాత నేనే కుట్టి ఇచ్చేశాను.”

“చూపానని ఆవిడ సూదిలోకి దారం ఎక్కించుకోలేరు. రాత్రి రీలు పెట్టేవారు. తెల్లారేసరికి సూదులు సిద్ధం. నెల రోజులైనా రీలు నిండుగా ఉంది, కొసలేమో పీచు లేచాయి. అంటే రోజూ దారం తీసి మళ్లీ అదే ఎక్కిస్తున్నారు. వెక్కిరించేవాళ్లకు ఇంత ఓపిక ఉండదమ్మా. వదినగారూ, మీరే చెప్పండి.”

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

“ఆరేళ్ల కిందట, బట్టలు తీసుకెళ్లడానికొచ్చిన వాళ్ల ముందు, ‘మీకు చూపానడం లేదత్తయ్యా, ఇక మానేయండి’ అన్నాను. ఆ రోజుతో మాటలు పోయాయి. మర్నాడు ఆవిడ లేవకముందే పది సూదులూ ఎక్కించి పెట్టాను. రాత్రికి ఖాళీ సూదులున్నాయి, పక్కన వేరే రంగు రీలుంది. అంతే. ఆరేళ్లూ మేం మాట్లాడుకున్నది అదే.”

“మరి ఇప్పుడెందుకు వదినా?”

“చాలు అనలేదుగా ఆవిడ.”

మాస్టారు కిటికీ వైపు తిరిగాడు. సహాయకురాలు నోటుబుక్కు మూసేసింది.

కూతురు చేతిసంచీ కింద పెట్టింది. అర దగ్గరికి వెళ్లి ఆకుపచ్చ రీలు వెతికి తెచ్చి దిండు పక్కన పెట్టింది.

“రేపు కోటుకి గుండీలు కుట్టాలి. పొద్దున్నే వస్తాను.”

వదిన బూడిద రీలు చేతిలోకి తీసుకుంది. అరలో దాని చోటు ఎదురుగానే ఉంది. అక్కడ పెట్టడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది.