ఇస్త్రీబల్ల మీద నేర్చిన మాట

ఒత్తులూ దీర్ఘాలూ నా చేతికి ఇంకా పూర్తిగా లొంగలేదు. రాయడమూ నెమ్మదే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పొద్దున్నే ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె వేడెక్కింది. వీధివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసి పిల్లల్ని పెంచిన తల్లి, కొడుకు చొక్కా బల్ల మీద పరిచి పాఠం మొదలుపెట్టింది. కూతురు మనసుపడ్డ అబ్బాయి ఇంట్లో మాట్లాడేది స్పానిష్. అతని తల్లికి ఇంకో భాష రాదు. మధ్యాహ్నం ఆవిడ పెళ్లి మాటలకి వస్తోంది.

"ప్లన్... చార్," అంది తల్లి. ఇస్త్రీ చెయ్యడం అని అర్థం. కూతురు నేర్పినట్టే మాటని ముక్కలు చేసి, గట్టిగా పలకాల్సిన ముక్క దగ్గర పెట్టెనీ గట్టిగా నొక్కుతోంది. నేను చేస్తాను అనాలంటే 'ప్లాంచో'. నొక్కు ముందు ముక్క మీదికి వస్తుంది. మాట మొదలు అలాగే ఉంటుంది, చేసేవాళ్లని బట్టి తోక మారుతుంది, మన చేస్తాను, చేస్తావు లాగే.

నొక్కు కుదిరేదాకా పెట్టె ఎత్తకూడదనుకుంది. చొక్కా వీపు మీద గోధుమరంగు మచ్చ పడింది.

వాసనకి కొడుకు పరిగెత్తుకొచ్చాడు. "చాలమ్మా నీ చదువు. చొక్కా కాల్చావు. మధ్యాహ్నం పరువు కూడా కాలుస్తావా?"

"చొక్కా నేనే కాల్చాను, ఒప్పుకుంటా. పరువు సంగతి మధ్యాహ్నం చూద్దాం."

"నువ్వు ఊరికే కూర్చో చాలు. నేను ఇంగ్లీషులో చెప్తాను, బావగారు వాళ్లమ్మకి చెప్తారు. నీ నోట ఆ భాష వింటే ఆవిడ పడీ పడీ నవ్వుతుంది."

"నవ్వనీరా. ఎలా నవ్విందో చూస్తే ఎలాంటి మనిషో తెలుస్తుంది."

గుమ్మంలో నిలబడ్డ కూతురు కిసుక్కుమంది. "నువ్వు ఊరుకో అక్కా, ఇదంతా నీవల్లే," అని కసిరాడు.

తల్లి పెట్టెని నిలబెట్టింది. గొంతు పెంచలేదు.

"మీ నాన్న ఉన్నన్నాళ్లూ నా బదులు ఆయన మాట్లాడాడు. ఆయన పోయాక నువ్వు. ఇది నా పిల్ల. దాని గురించి దాని అత్తకి నేనే చెప్పుకుంటా. తప్పు మాట్లాడితే ఆ తప్పు నాది. నువ్వు అడ్డం రాకు."

కొడుకు ఇంకో చొక్కా తొడుక్కుని, కుర్చీలు సర్దాడు.

మధ్యాహ్నం పెళ్లికొడుకుతో కలిసి వియ్యపురాలు వచ్చింది. కొడుకు గొంతు సవరించుకునేలోపే తల్లి ముందుకి జరిగింది.

"యో ప్లాంచో," అని, కాలిన మచ్చలున్న అరచెయ్యి చాపింది. తర్వాత కూతుర్ని చూపించి, అది బాగా కష్టపడుతుందని చెప్పబోయింది. నొక్కు తప్పింది. ఆగి, మొదటినుంచి చెప్పింది. "మి ఇహా త్రబాహా మూచో."

వియ్యపురాలు నవ్వలేదు. ఆ అరచెయ్యి పట్టుకుని గబగబా ఏదో చెప్పింది. తోకని బట్టి ఆవిడ తన పని గురించే చెబుతోందని తల్లికి తెలిసింది. ఏం పనో అందలేదు. మళ్లీ చెప్పమని అడిగింది. ఆవిడ నిదానంగా విడగొట్టి "కో... సో" అంటూ గాలిలో సూది గుచ్చి దారం లాగింది.

"కుట్టుపనా?" అంటూ తల్లి ఆవిడ వేళ్లు తడిమి చూసింది.

కొడుకు వాళ్లిద్దర్నీ చూస్తూ నిలబడిపోయాడు. అమ్మ చెప్పబోయిన ఎన్ని మాటలు తాను మధ్యలో అందుకున్నాడో గుర్తొచ్చి కళ్లు తడిశాయి. పెళ్లికొడుకు తర్జుమా చెయ్యబోతుంటే భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆగండి బావగారూ. అమ్మ మాట్లాడుతోంది."

ఆ తల్లిని నేనే: ఇస్త్రీ పెద్దమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు కూతురింటి పక్క వాటాలో ఉంటున్నాను.