పొయ్యి పక్కన పడుకున్న బ్యాటరీ

ఎల్దియార్ బ్యాటరీని చంటిబిడ్డలా పొట్టకు హత్తుకుని వాకిట్లోకి వచ్చాడు. నారిన్‌లో చలికాలమంటే అంతే, కొండల ఊరు. చీకటి పడగానే కారులోంచి బ్యాటరీ విప్పి ఇంట్లో పొయ్యి పక్కన పెట్టాలి, పొద్దున్నే తీసుకెళ్లి మళ్లీ బిగించాలి. రాత్రంతా బయట వదిలేసినవాడు పొద్దున వీధి వీధంతా తిరిగి బండి తోయమని బతిమాలుకోవాల్సిందే.

తీగలు బిగించి తాళం తిప్పాడు. టిక్కుమంది. మళ్లీ తిప్పాడు. ఈసారి ఆ టిక్కు కూడా లేదు.

"పోయిందా?" గడప దగ్గర నిలబడి అడిగింది అతని భార్య బెగిమాయ్. నిండు నెలల మనిషి, ఒక చెయ్యి నడుం మీదే ఉంది.

"పోయింది! కొత్తది! మొన్నే కదా మార్చింది. దీని తాడు తెగ!"

"పొద్దున్నే ఆ తిట్లేంట్రా" లోపల్నుంచి తల్లి ఉర్కుయా కేకేసింది. "టీ చల్లారిపోతోంది, రండి. దేవుడు వద్దంటున్నాడేమో. రెండ్రోజులు ఆగితే ఏం పోయింది?"

"ఏం పోయిందా? డాక్టరమ్మ చెప్పింది నువ్వు వినలేదా అమ్మా?"

ఉర్కుయా విన్నది. బెగిమాయ్ గుండె బలహీనం. కాన్పు ఇక్కడ కాదు, రాజధాని బిష్కెక్‌లో గుండె డాక్టర్ల కళ్లముందే జరగాలి, నొప్పులు రాకముందే వెళ్లి చేరాలి. వెళ్లాలంటే దోలోన్ కనుమ దాటాలి. ఈ చలిలో ఇలాంటి మనిషిని ఎక్కించుకోవడానికి టాక్సీవాళ్లెవరూ ఒప్పుకోలేదు. పోనీ పక్కింటి సాదిర్ లారీకి తీగలు తగిలించి కారును లేపుకుని పోదామంటే ఎల్దియార్‌కు ధైర్యం చాలలేదు. అతని అన్న మూడేళ్ల కిందట ఆ కనుమ మీదే పోయాడు. మంచులో బండి ఆగిపోయింది, మళ్లీ లేవలేదు. తెల్లవారి జనం వెళ్లేసరికి స్టీరింగు మీద తలపెట్టి నిద్రపోతున్నట్టే ఉన్నాడట.

అందుకే ఆ ఇంట్లో కారు గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. బండి మూలుగుతూ చచ్చిన ప్రతి పొద్దునా గుండెల్లో రాయి పడేది. ఆ రాయి మీద ఉర్కుయా వేడి వేడి టీ పోసేది, అంతే.

బయల్దేరాలనుకున్న ప్రతిసారీ ఇదే తంతు, పగలు ఛార్జి ఎక్కించడం, పొద్దున్నకి అది పోవడం. మెకానిక్ వచ్చి డైనమో చూశాడు, బాగానే ఉందన్నాడు. బ్యాటరీ మార్చారు. రోగమొకచోట, మందొకచోట. చివరికి బెగిమాయే నడుం బిగించింది. ఆమె బడిలో ఫిజిక్సు చెబుతుంది. బడి నుంచి మీటరు తెచ్చి, మధ్యాహ్నం ఎండలో కారు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. బండి ఆపేశాక కూడా ఎక్కడో కరెంటు కారిపోతోందని ఆమె అనుమానం. ఆమె చెప్పినకొద్దీ ఎల్దియార్ ఒక్కో ఫ్యూజు పీకాడు. రేడియో ఫ్యూజు పీకినా మీటరు ముల్లు కదల్లేదు. డిక్కీ దీపం పీకినా కదల్లేదు.

"ఎక్కడా లీకు లేదు" అంది బెగిమాయ్. "కారులో ఏ తప్పూ లేదండీ."

"మరి కరెంటేమవుతోంది? దయ్యం తాగుతోందా?"

బెగిమాయ్ నవ్వలేదు. ఆ సాయంత్రం భర్త ఎప్పట్లాగే బ్యాటరీ విప్పి లోపలికి తెచ్చాడు. అత్తగారు ఎప్పట్లాగే తలుపు తీసి పట్టుకుంది, పొయ్యి పక్కన పాత దూది కోటు పరిచింది. బెగిమాయ్ చూస్తూ అలాగే నిలబడిపోయింది. బ్యాటరీ రాత్రిపూట అసలు కారులోనే ఉండదు కదా! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న అలవాటు కాబట్టి, అది లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పొయ్యి ఉన్న గదిలో పడుకునేది ఒక్క మనిషే. ఆ మాట భర్తతో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. చెబితే నిజమైపోతుందేమోనని భయం వేసింది.

తెల్లవారుతుండగా నడుంలో సన్నగా నొప్పి మొదలై మెలకువ వచ్చింది. గోడ పట్టుకుని పొయ్యి గదిలోకి వెళ్లింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ మాత్రం పారిపోవాలని కూడా చూడలేదు. ఉర్కుయా బ్యాటరీ ముందు గొంతుక్కూర్చుని ఉంది. పక్కన వెలుగు కనబడకుండా బోర్లించిన ఇనప కుండ, దాని అంచు కింద, తీగతో బ్యాటరీకి తగిలించి, ఎర్రగా మిణుకుమంటూ కారు ముందు దీపం బల్బు. ఒకప్పుడు కరెంటు పోయిన రాత్రుళ్లలో ప్రతి ఇంట్లో ఇలాగే వెలిగించుకునేవాళ్లు. రాత్రంతా వెలిగి, బ్యాటరీతో పాటు అదీ ఆరిపోవడానికి సిద్ధంగా ఉంది.

"ఏంటత్తయ్యా ఇది?"

ఉర్కుయా తీగ వదల్లేదు.

"నేను చచ్చిపోవాలనా? నా కడుపులో బిడ్డ మీకేం చేసింది?"

"ఆ మాటనకే తల్లీ! పాడు మాటలు..."

"మరెందుకు? రోజూ నా కళ్లలోకి చూసి టీ పోస్తారు, రాత్రి కూర్చుని ఈ పని చేస్తారా?"

"వాణ్ణి ఆ కొండ ఎక్కనివ్వను!" ముసలిదాని గొంతు కీచుమంది. "ఒకణ్ణిచ్చాను. చాలదా? ఇక్కడే కను. మంత్రసాన్ని పిలుస్తాను. నేను నలుగుర్ని ఇక్కడే కన్నాను."

"మీ గుండె వేరు, నా గుండె వేరు! తాలాంత్ పోయాడని నన్నూ పొమ్మంటారా?"

ఆ ఊళ్లలో కోడలు తన భర్త అన్నగారి పేరు పలకదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి బెగిమాయ్ ఒక్కసారీ పలకలేదు. అన్నాక తనే నోటిమీద చెయ్యి వేసుకుంది. ఆ వెంటనే నొప్పి ఈసారి గట్టిగా పట్టి, గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది.

పరుగెత్తుకొచ్చిన ఎల్దియార్ భార్యను చూశాడు, బల్బును చూశాడు. తల్లిని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని ఉర్కుయాకు అనిపించింది. అతను తీగ లాగేసి, బ్యాటరీ ఎత్తుకుని బయటికి పరుగెత్తాడు. సాదిర్ లారీ తెచ్చి తీగలు తగిలించాడు. కారు దగ్గి, వణికి, లేచింది.

వెనక సీట్లో బెగిమాయ్‌ని పడుకోబెడుతుంటే ఉర్కుయా అవతలి తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. రమ్మని ఎవరూ అనలేదు, దిగమనీ అనలేదు.

కనుమ దగ్గరకు వచ్చేసరికి మబ్బు నేలమీదికి దిగింది. ముందు లారీల వరుస. మంచు తోసే బండి పైన పని చేస్తోందట. ఎల్దియార్ ఆగాడు, కానీ ఇంజిన్ ఆపలేదు. లైట్లు ఆర్పేశాడు. హీటరు కూడా ఆపేశాడు.

"చలికి చచ్చిపోతుందిరా పిల్ల" అంది ఉర్కుయా.

"కరెంటు లేదమ్మా. బ్యాటరీకి ఛార్జి ఇంకా ఎక్కలేదు. ఆగిందంటే మళ్లీ లేవదు."

అతను మామూలుగానే అన్నాడు. ఇంజిన్ ఒక్కసారి తడబడింది. అతను ఉలిక్కిపడి యాక్సిలరేటర్ తొక్కడం ఉర్కుయా చూసింది. చుట్టూ తెల్లటి గోడ. ఇదే కొండ, ఇదే మంచు. తాలాంత్ బండి ఆగిన చోటికి ఎంతో దూరం లేదు. మూడేళ్లుగా ఆమె ఈ కొండను తిట్టుకుంటూ వచ్చింది. పెద్దవాణ్ణి చంపింది కొండ కాదు, లేవని బండి. సరిగ్గా అలాంటి బండినే తన చేతులతో తయారుచేసి, ఉన్న ఒక్క కొడుకునూ కోడలినీ అందులో కూర్చోబెట్టింది.

ఉర్కుయా బూట్లు విదిల్చి సీటు ముందు కిందికి దిగి కూర్చుంది. కోడలి మేజోళ్లు లాగేసి, మంచుగడ్డల్లా ఉన్న ఆ పాదాలను రవిక లోపల తన రొమ్ముకు ఆనించుకుంది.

"అత్తయ్యా, లేవండి... మీరు నా కాళ్లు..."

"ఊరుకో. నా భయం నిన్ను మింగేసేదే తల్లీ. వాడు పోయినప్పుడు నాకు పిచ్చెక్కిందే, ఎవరికీ చెప్పలేదు." ఆమె ఏడుపు పాదాల మీద పడుతోంది. "నన్ను క్షమించమని అడగను. నువ్వు మాత్రం బతుకు. బతికి నన్ను రోజూ తిట్టు."

నొప్పి వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఏదో కావాలి. బెగిమాయ్ చేతికి అత్తగారి భుజం దొరికింది, గట్టిగా పట్టుకుంది. ముందు లారీ కదిలింది.

ఆడపిల్ల. మధ్యాహ్నం బిష్కెక్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. తల్లి గుండె ఒకసారి తడబడిందనీ, అందరూ పక్కనే ఉండబట్టి నిలబడిందనీ, ఇంకో రోజు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమనీ డాక్టరు అన్నాడు. ఉర్కుయా గోడకు ఆనుకుని ఆ మాట పూర్తిగా విన్నది.

అంతలో ఊరి నుంచి సాదిర్ ఫోన్. "అన్నీ సవ్యమేనా? ఇంతకీ ఏమయిందిరా ఆ బండికి?"

ఎల్దియార్ తల్లి వైపు చూశాడు. "బ్యాటరీయే సాదిర్. ఏదో పాత సరుకు అంటగట్టారు..."

ఉర్కుయా చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"బ్యాటరీ మంచిదే సాదిర్. దాని ఛార్జి నేనే దించేశాను, రోజూ రాత్రి. భయమేసి. ఊళ్లో అడిగినవాళ్లందరికీ ఇదే చెప్పు. నా కొడుకును అబద్ధమాడనివ్వకు."