నడిమి పదాన్ని విడగొట్టాలె

పొద్దున్నే ఎల్లారెడ్డిలో ఇంటి ముందు లక్ష్మణ్ ఆటో తుడుచుకుంటున్నాడు. ఆయన ఆటోకు మీటరు లేదు, మాటకు మ్యాటరు అక్కర్లేదు. చాయ్ కోసమని వంటింటి వైపు వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు. లోపల కూతురు శ్రీలత వాళ్లమ్మ మహేశ్వరికి ఏదో గుసగుసగా చెబుతోంది.

"నడుమ ఉన్నదాన్ని రెండు ముక్కలు చెయ్యాలె అమ్మా. లేకుంటే పని ముందరికి పోదు."

"చేసిన. ఇగ?"

"ఇగ ఉమ్మడిగ ఉన్నదాన్ని బయటికి తియ్యి."

"తీసిన. తీస్తే ఏమయితది?"

"రెండింట్ల ఏదో ఒకటి సున్నా అయితది."

లక్ష్మణ్ చేతిలోని గుడ్డ జారి పడింది. ఈ ఇంట్లో తల్లికీ పెళ్లానికీ నడుమ నలుగుతున్నది తనే. ఉమ్మడిగా ఉన్నది తల్లి హన్మవ్వ. ఇంటర్ చదివే పిల్ల ఇంటికే ఎసరు పెడుతోంది!

"ఏందే ఇది?" ఒక్క ఉదుటున లోపలికి వచ్చాడు. "నన్ను ముక్కలు చేసేది ఎవరు? మా అవ్వను బయటికి తీసేది ఎవరు?"

మహేశ్వరి ఒళ్లోని పుస్తకాన్ని గబుక్కున కొంగు కిందికి లాక్కుంది. శ్రీలతకు నవ్వాగలేదు.

"ముక్కలు చేసేది నిన్ను గాదు బాపూ, ఐదు ఎక్స్‌ను. వర్గ సమీకరణం."

"ఏ వర్గం? మీ అమ్మమ్మ వర్గమా?"

"లెక్క బాపూ! పదో తరగతి లెక్క."

"ఇంటర్ల ఉన్నవు, పదో తరగతి లెక్క నీకెందుకే?"

శ్రీలత నవ్వు ఆపి తల్లి వైపు చూసింది.

"దానికి గాదు, నాకు," అంది మహేశ్వరి. "ఓపెన్ స్కూల్ల పది రాస్తున్న. లెక్కల పరీక్ష ఇయ్యాల్నే, మధ్యాహ్నం, కామారెడ్డిల."

 లక్ష్మణ్‌కు అలవాటైన నోరు ఆగలేదు. "ఓహో! అప్పుడు పోయిన పదిని ఇప్పుడు పదిలంగ తెస్తవా?"

ఎవరూ నవ్వలేదు.

"గిదే! గిందుకే నీకు చెప్పలేదు," అంది మహేశ్వరి. "ఆటో ఎక్కినోళ్లందరికీ చెప్తవు, మా ఆమెకు పది పోయింది గాని పదును పోలేదని. వాళ్లు నవ్వుతరు. ఎనక సీట్ల కూసున్న నేను గూడ నవ్వుత. అప్పుడు లెక్కల్లనే తప్పిన. ఇది పాసయితే ఇంటర్ చదివి, అంగన్‌వాడీల టీచరు కావాలని ఉన్నది. మల్ల తప్పితే ఇంకో జోకు కడుతవు. నాకు పరీక్షంటే భయం లేదు. నువ్వంటేనే భయం."

లక్ష్మణ్ వాకిట్లో బీడీలు చుడుతున్న తల్లి వైపు తిరిగాడు. "అవ్వా, నీకు ఎరుకేనా?"

"ఎరుకే," అంది హన్మవ్వ చేతిలోని ఆకు మీదినుంచి చూపు తిప్పకుండానే. "అది కూసొని చదువుతుంటే ఇంటిపని ఎవరు చేసిన్రనుకున్నవు? నీ జోకులా? నోరు ముయ్యి, ఆటో తియ్యి!"

నోరు మూతపడింది గానీ, కళ్లు మాట వినలేదు. నవ్వించానని తను మురిసిపోయిన ప్రతిసారీ వెనక సీట్లో ఒక మనిషి నవ్వుతూనే ముడుచుకుపోయిందని ఆయనకు ఇప్పుడు లెక్క తేలింది.

"తయారు కా మహేశ్వరీ," అన్నాడు కండువాతో ముఖం తుడుచుకుంటూ. "నేనే తీస్కపోత."

దారిలో చేతులెత్తిన వాళ్లెవరికీ ఆటో ఆగలేదు. కామారెడ్డిలో పరీక్షా కేంద్రం గేటు ముందు దిగాక మహేశ్వరి లక్ష్మణ్ వైపు తిరిగింది. పుస్తకం ఆయన చేతిలో పెట్టింది.

"ఒక్క లెక్క అడుగు."

"ఎక్స్ స్క్వేర్ మైనస్ ఏడు ఎక్స్ ప్లస్ పన్నెండు, ఈజీక్వల్టు సున్నా," కూడబలుక్కుంటూ చదివాడు లక్ష్మణ్.

ఆమె కళ్లు మూసుకుంది. "గుణిస్తే పన్నెండు రావాలె, కలిపితే ఏడు రావాలె... ఎక్స్ అంటే మూడు, లేకుంటే నాలుగు. కరెక్టేనా?"

ఆయనకేం తెలుసు! ఇంతలో బెల్లు మోగింది. జవాబు కోసం ఆగకుండానే ఆమె లోపలికి నడిచింది.

లక్ష్మణ్ గేటు పట్టుకుని వేళ్లు మడిచాడు. మూడు నాలుగుల పన్నెండు. మూడూ నాలుగూ కలిపితే... మళ్లీ మొదటినుంచి మడిచాడు. ఏడు!

"మహేశ్వరీ!" రోడ్డంతా తిరిగి చూసేలా అరిచాడు. "సరిపోయింది! సరిపోయిందే!"

గేటు మనిషి కసురుకున్నాడు. మెట్ల మీద మహేశ్వరి వెనక్కి తిరిగి, ఈసారి నిజంగా నవ్వింది.