పనికిరాని ముక్కలు

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఆ ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోలేదు. సూపరింటెండెంటుగారు పాడ్‌కాస్ట్ రికార్డింగుకి కూర్చోబోతున్నారు.

ఫ్యాను తర్వాత ఫ్రిజ్జు ఆపారు. ఆ తర్వాత గోడగడియారంలోంచి బ్యాటరీ తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. ఆదివారం పూట ఆ ఇంట్లో కాలం కూడా ఆయన జేబులోనే ఉంటుంది. వంటింటి కుళాయి కారుతోందని దాని మూతికి గుడ్డ చుట్టారు. ఫ్రిజ్జు మళ్ళీ వెయ్యడం ఆయన మర్చిపోవడం, పాలు విరిగిపోవడం మామూలే. ఆ మాట చెబుదామని భార్య నోరు తెరిస్తే వేలు పెదాల మీద పెట్టి "ష్" అనేవారు.

పాడ్‌కాస్ట్ పేరు 'మనసు విప్పి మాట్లాడుకుందాం'. కుటుంబంలో ఒకరి మాట ఒకరు ఎలా వినాలో లోకానికి నేర్పడం దాని ఉద్దేశం. అది తయారవ్వాలంటే ముందు ఆ కుటుంబం నోరు మూసుకోవాలి.

ఆఫీసులో ఆయన పని కిందివాళ్ళు రాసిన నోట్సు దిద్దడం. ఎవరేం రాసినా అందులో సగం కొట్టెయ్యకపోతే ఆయనకి అన్నం సహించదు. పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాక ఆ ఎర్రపెన్ను కంప్యూటర్లోకి దూరింది. ప్రొఫెషనల్‌గా వినిపించాలంటే ఊపిరి చప్పుళ్ళు తీసెయ్యాలి, 'అంటే', 'మరి', 'అదీ' లాంటి ఊతపదాలు కోసెయ్యాలి, హెచ్చుతగ్గులు లేకుండా గొంతుని చదును చెయ్యాలి. ఇవన్నీ ఆయన ఏ గురువూ లేకుండా, ఎవరూ అడగకుండా నేర్చుకున్నారు.

స్టూడియో ఒకప్పుడు అమ్మాయి గది. పిల్ల పెళ్ళయి వెళ్ళిన వారానికే గోడలకి దుప్పట్లు వేలాడాయి. వీధి చప్పుడు రాకుండా ఆమె మంచం మీది పరుపు లేచి కిటికీకి అడ్డంగా నిలబడింది. దాన్ని బట్టలారేసే తాడుతో కట్టి మరీ నిలబెట్టారు. అమ్మాయి పది రోజులుండి వెళ్తానని వచ్చి నెలన్నరైంది. హాల్లో సోఫా మీద పడుకుంటోంది. పరుపు దించమని వాళ్ళమ్మ అడిగింది.

"దించితే ఎకో వస్తుందే" అన్నారాయన.

"పిల్లకి నడుంనొప్పి వస్తోంది."

"నడుంనొప్పి ఎవరికీ వినపడదు. ఎకో వినపడుతుంది."

ఆ ఆదివారం రావలసిన అతిథికి జలుబు చేసింది. ముక్కుదిబ్బడ గొంతుతో వస్తానన్నాడు కాబట్టి సూపరింటెండెంటుగారు వద్దన్నారు. పెళ్ళయిన పిల్లలతో మాట్లాడటం ఎలా అన్న అంశం మాత్రం చేతిలో మిగిలిపోయింది.

"ఏవండీ, అమ్మాయి మీతో ఏదో చెప్పాలంటోంది. వారం నుంచీ మీ వెనకాలే తిరుగుతోంది" అంది భార్య.

ఆయన ముఖం వెలిగింది. "పెళ్ళయిన పిల్ల ఇంట్లోనే ఉందిగా! మైకు ముందే చెప్పమను. అంశం కూడా అతికినట్టు సరిపోయింది."

హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మైకు పరీక్షిస్తూంటే, తలుపవతల తల్లీకూతుళ్ళ గుసగుస వినిపించింది.

"అక్కడ చెప్తావా? మతి పోయిందా నీకు?"

"ఇంకెక్కడ చెప్పనమ్మా? హాల్లో మొదలెడితే నాన్న లేచి వెళ్ళిపోతాడు. మైకు ముందైతే లేవడు. చెవులకి ఆ డొప్పలు కూడా ఉంటాయి, నా మాట తప్ప ఇంకేం వినపడదు. విన్నాక తీసెయ్యడం నాన్నకి తెలియని పనా?"

గుసగుసని కూడా ఇంత స్పష్టంగా పట్టేసిందంటే మైకు మంచిదే, అనుకున్నారాయన.

అమ్మాయి ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆయన కళ్ళు స్క్రీను మీద గొంతు హెచ్చుతగ్గుల్ని చూపిస్తూ ఆడే పచ్చగీతల మీద ఉన్నాయి. గీత పచ్చగా ఉన్నంతసేపూ లోకంలో అంతా బాగున్నట్టే.

"పెళ్ళయ్యాక పుట్టింటితో నీ అనుబంధం గురించి చెప్పమ్మా" అని మొదటి ప్రశ్న అడిగారు.

"నాన్నా, నేనింక అక్కడికి వెళ్ళను."

గీత ఎగిరి ఎర్రరంగులోకి దూకింది. ఆయన కంగారుపడి, వెనక్కి జరగమని చేత్తో సైగ చేశారు. అమ్మాయి వెనక్కి జరిగింది. ఈసారి గొంతు తగ్గించి చెప్పింది.

"నేను అక్కడికి వెళ్ళను నాన్నా. ఆ ఇంట్లో నాతో ఎవరూ పోట్లాడరు. పోట్లాడినా బాగుండును. ఆయన నాతో మాట్లాడి ఏడాది దాటింది నాన్నా. ఏదైనా కావాలంటే చీటీ రాసి ఫ్రిజ్జు మీద అంటిస్తాడు. చొక్కా ఇస్త్రీ చెయ్యి. మా అమ్మ వస్తోంది. అంతే నాన్నా. నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా చీటీనే. నేను గట్టిగా ఏడిస్తే టీవీ సౌండు పెంచాడు. నేను తప్పు చేస్తున్నానా నాన్నా?"

గీత పచ్చగా, నిలకడగా, చూడముచ్చటగా నడుస్తోంది. ఆయన బొటనవేలు ఎత్తి చూపించారు.

ఆ బొటనవేలు చూసి అమ్మాయికి ఏడుపాగలేదు. ముక్కు ఎగబీలుస్తూ, నవ్వుతూ, "థాంక్స్ నాన్నా" అంది. ఎగబీల్చిన చోట గీత మీద చిన్న ముల్లు లేచింది. అది తర్వాత తీసెయ్యాలని ఆయన గుర్తు పెట్టుకుని రెండో ప్రశ్నకి వెళ్ళారు.

మధ్యాహ్నమంతా ఎడిటింగు. స్క్రీను మీద మాటలు గొంగళిపురుగుల్లా బారులు తీరి ఉంటాయి. ఆయన వాటిని విననక్కర్లేదు, చూస్తే చాలు. మాటకీ మాటకీ మధ్య నుసిలా ఉన్నది ఊపిరి, తీసెయ్యాలి. 'స'లు బుస కొడుతున్నాయి, మెత్తబరచాలి. ఒక పురుగు మాత్రం ప్రతి వాక్యంలోనూ మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఒకటే ఆకారం, ఒకటే పొడుగు. నొక్కి వింటే 'నాన్నా'.

ఊతపదం, అని తేల్చేశారు. వాళ్ళమ్మ పోలికే, ఆవిడ ప్రతి మాటకీ 'ఏవండీ' అంటుంది. కనిపించిన చోటల్లా కోసేశారు. కోసినవి పారెయ్యడం ఆయన స్వభావం కాదు. ఆఫీసులో వాడిన గుండుసూదులు కూడా డబ్బాలో వేసి దాస్తారు. ముక్కలన్నీ కింద వేరే వరసలో పేర్చి దానికి 'పనికిరానివి' అని పేరు పెట్టారు. అసలు వరస వెనకాల సన్నగా వేణువు వేసి, దీపాలు పెట్టేవేళకి లోకానికి వదిలారు.

"చాలా బాగా వచ్చింది తల్లీ. ఎక్కడా తడబాటు లేదు" అన్నారు భోజనాల దగ్గర.

అమ్మాయి పళ్ళెంలోంచి తలెత్తింది. "నీకు కోపం రాలేదా నాన్నా?"

"కోపమెందుకు? మొదట్లో కాస్త గరుగ్గా ఉంది. అదంతా నేను చూసుకున్నాగా."

అమ్మాయి ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకుంది. సోఫా మీద పడుకోగానే నిద్రపోయింది. ఈ కాలం పిల్లలకి పొగడ్త ఎంత బలమో అనుకున్నారాయన.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకి బూట్లు తొడుక్కుంటూంటే ఫోను మోగింది. అవతల వియ్యంకుడు. ఆ పాడ్‌కాస్టుకున్న కొద్దిమంది చందాదారుల్లో ఆయనొకడు. పెళ్ళి మాటల్లోనే ఆయన ఫోను తీసుకుని సూపరింటెండెంటుగారు స్వయంగా సబ్‌స్క్రైబ్ బటను నొక్కిపెట్టారు. ఇన్నాళ్ళలో ఒక్క ఎపిసోడూ విన్న మనిషి కాదు.

"బావగారూ, కోడలి పేరు చూసి మీ కొత్త ఎపిసోడు విన్నాం. ఇంటిల్లిపాదీ విన్నాం."

"విన్నారా!" సూపరింటెండెంటుగారు ఒంటికాలి మీదే నిలబడిపోయారు. "సౌండు ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. మా పరువు పోయిన చప్పుడు అక్షరం పొల్లుపోకుండా వినపడింది."

"అర్థం కాలేదు బావగారూ..."

"ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది మైకు పెట్టి ఊరందరికీ చెప్పిస్తారా? పైగా మావాడు చీటీలు రాస్తాడన్నచోట వెనకాల ఫ్లూటు ఒకటి!"

"చీటీలేంటి?"

"మీరు వినలేదా?"

"నేను... ఎడిట్ చేశాను."

ఫోను పెట్టేసినది ఎవరో ఆయనకి గుర్తులేదు. రెండో బూటు చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చారు.

"ఇంత జరుగుతూంటే నాకొక్క మాట చెప్పాలని లేదా ఈ ఇంట్లో ఎవరికీ? నేనేం దారినపోయేవాణ్ణా?"

భార్య నవ్వింది. ఆ నవ్వు రికార్డింగులో పడి ఉంటే ఆయన వెంటనే కోసేసేవారు.

"చెప్పిందండీ. మీ ఎదురుగా కూర్చుని చెప్పింది. మీరు బొటనవేలు చూపించారు. తలుపు సందులోంచి నేనూ చూశాను. ముప్ఫయ్యేళ్ళలో మొదటిసారి నా మొగుడు ఒక మాట విన్నాడని నేను కూడా ఏడ్చాను."

"అది... లెవెల్ సరిపోయిందని..."

సోఫాలో దుప్పటి మడత పెడుతున్న అమ్మాయి ఆగింది.

"లెవెలా?"

"గీత ఎర్రగా పోతోందమ్మా, అందుకని వెనక్కి జరగమన్నాను. తర్వాత పచ్చగా..."

"పూర్తిగా వినకుండానే ఊరందరికీ వదిలేశావా?" గొంతులో హెచ్చుతగ్గులేం లేవు. ఎవరూ చదును చెయ్యకుండానే చదునైపోయింది. "రాత్రి ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయాను నాన్నా. నువ్వు సరేనన్నావని."

"తల్లీ..."

"ఆయన నా మాట వినడు. అది తెలిసిందే. టీవీ సౌండు పెంచేవాడు. నువ్వు చెవులకి డొప్పలు పెట్టుకుని, తలుపులేసుకుని, పూటంతా నా గొంతు ముందు కూర్చుని కూడా వినలేదు. ఆయనే నయం. వినట్లేదని నాకు తెలిసేది."

దుప్పటి సోఫా మీద పెట్టి, తలుపు వెనకాల ఉన్న పెట్టె ముందుకి లాగింది. పది రోజులకని వచ్చిన పిల్ల అంత పెద్ద పెట్టె ఎందుకు తెచ్చిందో ఆయనకి అప్పుడు తట్టింది.

"ఎక్కడికే?" అంది వాళ్ళమ్మ.

"హాస్టలుకి. అక్కడైనా పడుకోడానికి పరుపుంటుంది."

సూపరింటెండెంటుగారు ఒంటిబూటుతోనే స్టూడియోలోకి వెళ్ళారు. ఎపిసోడు తీసేశారు. తీసేస్తే ఏమవుతుంది, వినాల్సిన వాళ్ళంతా వినేశారు, ఒక్కరు తప్ప. అసలు వరస నొక్కి విన్నారు. మాటలు గలగలా వెళ్ళిపోతున్నాయి. వాటిలో ఎక్కడా తడి లేదు, ఎవరో అమ్మాయి ఎవరికో చదివి వినిపిస్తున్నట్టుంది. 'నేను తప్పు చేస్తున్నానా?' అని ఆ అమ్మాయి లోకాన్నంతా అడిగింది. అడిగింది లోకాన్ని కాదు. ఎవరినడిగిందో ఆ మాట కింది వరసలో ఉంది.

హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, స్పీకరులో ఆ వరస నొక్కారు.

ఊపిరి. నాన్నా. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. నాన్నా. చాలాసేపు ఏమీ లేదు, గుటక మింగిన చప్పుడు. నాన్నా. ఊపిరి. నాన్నా. వెక్కు. థాంక్స్ నాన్నా.

హాల్లో పెట్టె చక్రాల చప్పుడు ఆగిపోయింది.

ఆయన లేచి కిటికీ దగ్గరికెళ్ళి బట్టలతాడు ముడి విప్పబోయారు. అది ఆయనే మొండిగా వేసిన ముడి. గోళ్ళతో కాలేదు, పళ్ళతో లాగారు. ముడి ఊడగానే పరుపు అమాంతం వచ్చి మీద పడింది. దాన్నెత్తుకోలేక, కింద పెట్టలేక, మంచం దాకా ఈడ్చుకెళ్ళి పరిచారు. కిటికీ తెరుచుకుంది. హారన్లు, ఎవరో ఎవరినో పిలిచే కేక, పక్కింట్లో గోడకి మేకు కొడుతున్న సుత్తి, అన్నీ ఒక్కసారిగా లోపలికొచ్చాయి.

గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది. ఆయన మైకు వైరు పీకేసి, ఏం చెయ్యాలో తెలియక చేతికి చుట్టుకున్నారు.

"ఇంకొక్కసారి చెప్పమ్మా" అన్నారు. "మధ్యలో కొయ్యను."

ఆమె పెట్టెని గుమ్మం అవతలే నిలబెట్టింది. ఆ తర్వాత వచ్చి పరుపు చివర కూర్చుంది. భార్య వెనకాలే వచ్చి, కుర్చీకి వేలాడుతున్న ఆయన నిన్నటి చొక్కా జేబులోంచి గడియారం బ్యాటరీ తీసుకుని, పోతూ పోతూ ఫ్యాను వేసింది.

"పెళ్ళయిన ఆర్నెల్లకి మొదలైంది" అంది అమ్మాయి కిటికీ వైపు చూస్తూ. "మొదట్లో నేనే ఏదో తప్పు చేశాననుకునేదాన్ని."

ఆమె చెబుతూనే ఉంది. ప్రతి మాటా ఆయనకి వినపడింది. ఒక్క మాట మాత్రం ఈసారి ఆమె ఎక్కడా వెయ్యడం లేదు. మధ్యలో ఎక్కడైనా వస్తుందేమోనని, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, ఆయన చెవులు రిక్కించుకుని కూర్చున్నారు.