శనివారం ఆఖరి పీరియడ్

చెప్పులు బయట విడవాలని అట్టముక్క మీద రాసి తలుపుకు వేలాడదీసింది నర్సింగమే. కంప్యూటర్‌కు దుమ్ము పడదని అతని భయం. అలాంటిది ఆ జూన్ నెల శనివారం సాయంత్రం ఒక అమ్మాయి వానకు తడిసిన చెప్పులతో, బురద అడుగులు వేసుకుంటూ నేరుగా అతని టేబుల్ దాకా వచ్చేసింది. నర్సింగం ఆమె పాదాల వైపు చూశాడు. తలుపు మీది అట్ట వైపు చూశాడు. ఆమె రెండూ పట్టించుకోలేదు. కొంగు కింద దాచి తెచ్చిన కాగితం చుట్టను టేబుల్ మీద పరిచింది.

"గురువారం మూడో పీరియడ్," అంది. "నేను తొమ్మిది ఏల ఉండాల్నా, పది బీల ఉండాల్నా? మీ కంప్యూటర్ రెండు దిక్కుల ఉండుమంటాంది."

అది 1987. వరంగల్‌లో కంప్యూటర్‌ను కళ్లతో చూసినవాళ్లు చాలా తక్కువ. హన్మకొండ చౌరస్తాలో సైకిల్ షాపు పైగదిలో ఒకటుందంటే, పని ఉండి వచ్చేవాళ్ల కన్నా చూసిపోదామని వచ్చేవాళ్లే ఎక్కువ. నర్సింగం, వెంకట్రాజం పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. హైదరాబాద్‌లో ఆరు నెలల కోర్సు చేసి, ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత మెషిన్‌ను బస్సు మీద వేసుకుని వచ్చి కంపెనీ పెట్టారు. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి వి.ఎన్. కంప్యూటర్స్ అని బోర్డు రాయించారు. బడులకు టైంటేబుల్ వేసిచ్చే ప్రోగ్రాం నర్సింగం రాశాడు. దాన్ని బడిబడికీ తిరిగి అమ్మే పని వెంకట్రాజానిది.

కంప్యూటర్ తప్పు చెయ్యదని నర్సింగం గంభీరంగా చెప్పాడు. బడి వాళ్లు ఇచ్చిన లిస్టులోనే ఏదో పొరపాటు ఉండి ఉంటుందన్నాడు. ఆ లిస్టు రాసింది తానేనని, పోయినేడు హసన్‌పర్తి బడికి టైంటేబుల్ మొత్తం చేత్తోనే వేశానని, ఒక్క తప్పూ రాలేదని ఆమె చెప్పింది. ఇక వాదించలేక నర్సింగం ప్రోగ్రాం తెరిచి చూశాడు. పది నిమిషాల తర్వాత అతని చెవులు ఎర్రబడ్డాయి. మొదటిసారి టైంటేబుల్ వేసిన బడిలో ఆరుగురే టీచర్లు. ఆ అంకె మార్చడం మరిచిపోయాడు. ఏడో నంబరు నుంచి ఎవరు ఎక్కడ ఉన్నారో కంప్యూటర్ సరిచూడటమే లేదు. ఆమె ఏడో నంబరు.

తప్పు తనదేనని మెల్లగా ఒప్పుకున్నాడు.

"గీ మాట ముందే అంటె నా కోపం సగమన్న తగ్గుతుండె," అందామె. అప్పుడు వంగి చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని బయట పెట్టి వచ్చింది.

అంతలో వెంకట్రాజం మిర్చి బజ్జీల పొట్లంతో మెట్లెక్కి వచ్చి, చెల్లెను పరిచయం చేద్దామనుకుంటే తనకన్నా ముందే వచ్చిందని నవ్వాడు. సరోజన రెండేళ్లుగా హసన్‌పర్తిలో మేనత్త ఇంట్లో ఉండి అక్కడి బడిలో లెక్కల టీచర్‌గా చేస్తోంది. శనివారం సాయంత్రం కొత్తవాడలోని ఇంటికి వచ్చి, సోమవారం పొద్దున పోతుంది. ఆదివారాలు కేసముద్రంలో అమ్మ దగ్గర గడిపే నర్సింగం అన్నాళ్లూ ఆమెను చూడనే లేదు.

ఆ తర్వాత ప్రతి శనివారం సరోజన హన్మకొండలో బస్సు దిగి పైగదికి రావడం, అన్నతో కలిసి ఇంటికి పోవడం అలవాటయింది. చేత్తో టైంటేబుల్ ఎట్లా వేస్తుందో నర్సింగానికి చెప్పేది. ఎవరి ఊరి బస్సు ఆలస్యంగా వస్తుందో, నెలలు నిండిన టీచరు ఏ మెట్లు ఎక్కలేదో, పక్కపక్క గదులు ఇస్తే ఏ ఇద్దరు సార్లు కొట్లాడుకుంటారో, అవన్నీ ముందు చూడాలట. పిల్లల పుస్తకాలు తర్వాతనట. నర్సింగం నవ్వుతూనే రాసుకునేవాడు, ఒక్కొక్కటీ ప్రోగ్రాంలో ఎక్కించేవాడు. దసరా నాటికి బడులు ఆరయ్యాయి. ఆమె కూడా ప్రోగ్రాం చదవడం నేర్చుకుంది. కరెంటు పోయినప్పుడల్లా ముగ్గురూ కిటికీ దగ్గర నిలబడి చౌరస్తాలో పోయే రిక్షాలను చూస్తూ చాయ్ తాగేవాళ్లు. వెంకట్రాజం మాట్లాడేవాడు. మిగిలిన ఇద్దరూ వింటున్నట్టు ఉండేవాళ్లు.

జనవరిలో ఒక శనివారం వెంకట్రాజం కేసముద్రంలో ఒక బడి హెడ్మాస్టర్‌ను కలవడానికి పోయాడు. నర్సింగం ప్రింటర్‌కు రిబ్బన్ మారుస్తుంటే, సరోజన పొడవాటి కాగితం మీద ప్రోగ్రాం చదువుతూ ఒకచోట ఆగిపోయింది. మళ్లీ చదివింది. పెన్నుతో ఆ వరుస కింద గీత గీసింది.

"ఇదేంది? ఏడో టీచర్‌కు శనివారం ఆఖరి పీరియడ్ ఎప్పుడు లీజర్ ఉండాల్నని రాసినవ్."

నర్సింగం రిబ్బన్ వదిలేశాడు. వేళ్లన్నీ నల్లటి సిరా. టెస్టింగ్ కోసం రాసిందని, తీసేయడం మరిచిపోయానని ఏదో అన్నాడు.

"జూలై నుంచి టెస్ట్ చేస్తనే ఉన్నవా?"

అతను తల దించుకున్నాడు. "శనివారం నువ్వు జర జల్ది వస్తవని రాసిన," అన్నాడు చివరికి.

కింద సైకిల్ షాపులో ఎవరో గాలి కొట్టుకుంటున్నారు. నర్సింగానికి ఆ చప్పుడు తన గుండెలోంచి వస్తున్నట్టే ఉంది.

"నా బదులు ఆ పీరియడ్ సాంబయ్య సారు తీసుకుంటాండు, పాపం. ఆరు నెలల సంది నా అదృష్టం అనుకున్న," అందామె. పెన్ను మూత పెట్టింది. "శుక్రవారం గూడ పెట్టరాదు?"

ఆ మాట అర్థం కావడానికి నర్సింగానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక సిరా చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు. సరోజన నవ్వు ఆపుకోలేకపోయింది. వెంకట్రాజంతో తానే మాట్లాడతానని, ఎండాకాలం సెలవులు రాగానే అడుగుతానని నర్సింగం మాట ఇచ్చాడు.

అడగకముందే వేరే మాట వచ్చి పడింది. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ఒక కంప్యూటర్ల కంపెనీ వరంగల్ జిల్లాకు తమ మెషిన్లు అమ్మే ఏజెన్సీ ఇస్తామంటూ వెంకట్రాజానికి ఉత్తరం రాసింది. ప్రోగ్రాంలు రాసే పని మానుకోవాలి, మెషిన్లు మాత్రమే అమ్మాలి. వెంకట్రాజం ఆ ఉత్తరాన్ని పండగ తెచ్చినట్టు తెచ్చాడు. ఇంట్లో నాన్న బుచ్చిరాములుకు చూపు మందగించింది, జంపఖానాల మగ్గం ఇంకో ఏడాది నడిస్తే గొప్ప. ఈ చిన్న గదిలో ఎన్నాళ్లు కూర్చుంటాం అన్నాడు. పద్నాలుగు బడులకు మాట ఇచ్చామని, జూన్‌లో వాళ్లను ఎట్లా వదిలేస్తామని నర్సింగం అడిగాడు. మాట పెరిగింది.

"నువ్వు ఆ కుర్చీల నుంచి లేవవు. బడుల సుట్టు తిరిగి చెప్పులు అరిగింది నావి," అన్నాడు వెంకట్రాజం.

"నేను రాయకపోతె నువ్వేం అమ్మేటోనివి?" అన్నాడు నర్సింగం.

రెండు మాటలూ నిజమే. అందుకే ఇద్దరికీ తగలాల్సిన చోట తగిలాయి. మర్నాడు పెద్దగా మాటలు లేకుండానే పంపకం అయిపోయింది. కొనేవాళ్లకు చూపించడానికి వెంకట్రాజానికి మెషిన్ కావాలి, అది అతనికి. ప్రోగ్రాం, అది ఉన్న ఫ్లాపీలు, బడులు నర్సింగానికి. మెషిన్‌ను గోనెపట్టాలో చుట్టి రిక్షాలో ఎక్కిస్తుంటే నర్సింగం కూడా ఒక చెయ్యి వేశాడు. జాగ్రత్త అని కూడా అనలేదు.

సరోజన వారం తర్వాత వచ్చింది. అప్పటికి ఆమెకు బడి సెలవులు. ఖాళీ టేబుల్ మీద మెషిన్ ఉన్న మేర మాత్రం దుమ్ము లేదు.

"మెషిన్ తీస్కపోతాంటె ఒక్క మాట అనలేదట గద," అంది. "నన్ను గూడ గట్లనే పంపిస్తవా?"

నర్సింగం చాలాసేపు తంటాలు పడి చెప్పాడు. ఇప్పుడు నిన్ను అడిగితే, మెషిన్ వదులుకున్నందుకు బదులు అడిగినట్టుంటుంది. వాడు ఒప్పుకుంటే నా మీద జాలితో ఒప్పుకున్నట్టుంటుంది. ఒప్పుకోకపోతే మీ ఇంట్లో నీకు నెమ్మది ఉండదు. అందుకే నోరు మూసుకున్నానన్నాడు.

"నువ్వు అడగకపోతె నాకెట్ల ఉంటదో, అది ఆలోచించలే."

ఆలోచించలేదని అతను ఒప్పుకున్నాడు. ఆమె చెమ్మగిల్లిన కళ్లను కొంగుతో ఒత్తుకుని కుర్చీ లాక్కుంది. పద్నాలుగు బడుల్లో ఏది ముందో చెప్పమంది. మెషిన్ లేదు కదా అని అతను అంటే, చేతులు ఉన్నాయి కదా అంది.

మే నెలంతా, కిటికీకి తడిగుడ్డ వేలాడదీసి, ఇద్దరూ చేత్తో టైంటేబుల్స్ వేశారు. నర్సింగం తన ప్రోగ్రాం కాగితం ముందు పెట్టుకుని, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా కంప్యూటర్ చేసినట్టే వేలు పెట్టి చేసేవాడు. సరోజన ఒక్క చూపు చూసి ఎక్కడ ముడి పడుతుందో చెప్పేసేది. అతను గంట తర్వాత అదే ముడి దగ్గరికి వచ్చి ఆశ్చర్యపోయేవాడు. అతనికన్నా ఆమె దస్తూరి బాగుంటుంది కాబట్టి గోడకు పెట్టే పెద్ద చార్టులు ఆమే రాసింది. బడులు తెరిచే రోజుకు పద్నాలుగూ చేరిపోయాయి. అడుగున ఏ పేరు రాయాలని ఆమె అడిగినప్పుడు, ఎప్పటిలాగే రాయమన్నాడు నర్సింగం. ఆ బడులకు మాట ఇచ్చింది వెంకట్రాజమే కదా అన్నాడు.

జూన్ మూడో వారంలో వెంకట్రాజం మెషిన్ అమ్మే పని మీద వరంగల్‌లో ఒక బడికి పోయాడు. హెడ్మిస్ట్రెస్ సావిత్రి మేడం అతను కూర్చోకముందే మెచ్చుకోవడం మొదలుపెట్టింది. మెషిన్ చెడిపోయిందట, అయినా చేత్తో వేసి టైముకు ఇచ్చారు, ఈ కాలంలో ఎవరు ఇస్తారు అంది. గోడ మీద చార్టు చూపించింది. అడుగున వరుసగా రెండు పేర్లు: వెంకట్రాజం, నర్సింగం. తన పేరే ముందు. ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో అతనికి వేరే చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు ఆమెకు పలక మీద చెయ్యి పట్టి దిద్దించింది అతనే. సావిత్రి మేడంకు మెషిన్ సంగతి చెప్పకుండానే అక్కడి నుంచి లేచాడు.

వానలో తడుస్తూ పైగదికి వచ్చినప్పుడు నర్సింగం ఒక్కడే ఉన్నాడు. వెంకట్రాజం గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చెల్లె సంగతి నాకెందుకు చెప్పలె?"

"చెప్దామనుకున్న దినమే నువ్వు ఉత్తరం తెచ్చినవ్."

"తర్వాత?"

"తర్వాత చెప్తె బేరం పెట్టినట్టు ఉంటది."

వెంకట్రాజం లోపలికి వచ్చి కూలబడ్డాడు. తాను ఏజెన్సీ వదలనన్నాడు. తాను మనుషుల మధ్య తిరగాలి, పెద్ద పని చెయ్యాలి. నర్సింగం కూడా రమ్మని అడగలేదు. నువ్వు రాసుకునే మనిషివి, నేను తిరిగే మనిషిని, కోపంలో అన్నా ఆ మాటే నిజం అనుకున్నారు ఇద్దరూ. కానీ తన ఆఫీసులో మెషిన్ సాయంత్రాలు ఊరికే ఉంటుందని, వచ్చి పని చేసుకోమని వెంకట్రాజం చెప్పాడు. తర్వాత, రేపు ఇంటికి రా, బాపుతో నేనే చెప్తా అన్నాడు.

కొత్తవాడ ఇంట్లో బుచ్చిరాములు మగ్గం గుంటలోంచి లేవకుండానే అంతా విన్నాడు. నర్సింగం వాళ్లదీ మగ్గం ఇల్లే కాబట్టి కులం అడగాల్సిన పని లేదు. ఆయన అడిగింది ఒక్కటే.

"పని విడిపోతె విడిపోనియ్, బిడ్డా. రెండు నెలలు మాట ఎందుకు విడిచిన్రు?"

తలుపు వెనక సరోజన నవ్వు వినపడింది. బుచ్చిరాములు అటు తిరిగి, అమ్మాయికి ఇష్టమేనా అని అడిగాడు. ఇష్టమేనని జవాబు ఎంత తొందరగా వచ్చిందంటే, ముసలాయన కూడా నవ్వేశాడు. ఆషాఢం రాకముందే కేసముద్రం నుంచి నర్సింగం తల్లి భాగ్యమ్మ వచ్చింది, పూలుపండ్లు పెట్టి పెళ్లి నిశ్చయం చేసుకున్నారు. సరోజన తలలో పెట్టిన మల్లెపూలను ఆమె రెండుసార్లు సరిచేసింది, పూలు సరిగ్గానే ఉన్నా.

ఆ తర్వాతి సోమవారం కంపెనీ విడిపోయినట్టు కాగితం రాయించడానికి ముగ్గురూ హన్మకొండ కోర్టు గల్లీకి పోయారు. సాక్షి సంతకానికి సరోజన. చెట్టు కింద కూర్చున్న టైపిస్టు టకటకా కొట్టి, గట్టిగా చదివి వినిపించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరి వాక్యం దగ్గర వెంకట్రాజం ఆపమన్నాడు.

'నేటి నుండి మా ఇద్దరి మధ్య ఎట్టి సంబంధమూ లేదు' అని ఉంది అక్కడ.

టైపిస్టు ఇరవై ఏళ్లుగా అట్లాగే రాస్తున్నానన్నాడు. అందరికీ అదే మాట, ఎవరూ అడగలేదన్నాడు.

"ఎట్ల లేదంటవ్? సంబంధం మొన్ననే ఖాయమాయె," అన్నాడు వెంకట్రాజం.

టైపిస్టు ముగ్గురి ముఖాలూ చూసి, ఏమీ అడగకుండా కొత్త కాగితం ఎక్కించాడు. ఈసారి సంబంధం ముందు వ్యాపార అనే మాట చేర్చి కొట్టాడు. వెంకట్రాజం తన సంతకం పెట్టి, పెన్ను నర్సింగానికి అందించాడు.

"నీ సంతకం పెట్టు, బావా," అన్నాడు.

అన్నేళ్ల దోస్తీలో అతని నోట ఆ పిలుపు రావడం అదే మొదలు. నర్సింగం సంతకం వంకర పోయింది.