గుప్పిట్లో చిక్కిన జవాబు

మువ్వలకొండ రాజ్యంలో పంటలకు కొదవ లేదు, దొంగల భయం లేదు, రాజు ఉదయసేనుడు మంచివాడే. అయితే ఆ రాజ్యం పేరు చెప్పగానే పొరుగు దేశాలవారికి గుర్తొచ్చేవి ఇవేవీ కావు. కోటగోడకు వేలాడే ఒక తెల్లని తెర గుర్తొచ్చేది. పూర్వం ఏ మాంత్రికుడు కట్టి వెళ్ళాడో గాని, రోజూ దీపాలు పెట్టే వేళకు అది దానంతటదే వెలిగేది. అతుకుల తలపాగా చుట్టుకున్న ఒక బుల్లి ఎలుగుబంటి అందులోంచి తొంగి చూసేది. దాని ఎడమ చెవి కొంచెం చిరిగి ఉండేది. పేరు చిట్టెలుగు.

"పిల్లలూ, దీపాల వేళయింది. ఉన్నారా?" అని అడిగేది.

"ఉన్నాం! ఉన్నాం!" అని పిల్లలు కోట అదిరేలా అరిచేవారు.

ఆ అరుపు వినపడితేనే కథ మొదలయ్యేది. చింతచెట్టు రాక్షసుడు చిట్టెలుగును గుహలో పెట్టి రాయి మూసేవాడు. కొంగముని ఉపాయం చెప్పేవాడు. చిట్టెలుగు తప్పించుకునేది. రోజూ ఇదే, పిల్లలకు రోజూ ఇదే కావాలి. తల్లులు అన్నం గిన్నెలు పట్టుకుని వెనకాల నిలబడేవారు. నవ్వకండి, మీలో ఎంతమందికి తెర వెలగనిదే ముద్ద దిగదో నాకు తెలుసు. రాజుగారు కూడా చిన్నప్పుడు ఆ నేలమీద కూర్చున్నవారే. నిండు కొలువులో ఉన్నట్టుండి చిట్టెలుగు పాట కూనిరాగం తీసి, మంత్రి దగ్గితే ఆపేవారు.

ఆ ఊళ్ళో దండోరా వేసే అప్పలస్వామికి నూకాలు అనే కూతురుంది. తమ్ముడు అప్పన్నను ఒళ్ళో పెట్టుకుని ఎప్పుడూ ముందు వరుసలోనే కూర్చునేది. ఆమెకు పన్నెండో ఏడు వచ్చాక, ఒకరోజు బావి దగ్గర సన్యాసమ్మ అనే పెద్దపిల్ల మూతి తిప్పింది.

"ఒలే, నీకింకా ఎలుగ్గొడ్డుతో కబుర్లేటే? పాలు మానలేదేటి?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

నూకాలుకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం తెర ముందు పిల్లలందరినీ కూడగట్టి, "ఈయేల ఎవులూ పలకొద్దు. ఏటి సేస్తాదో సూద్దాం. పలికినోళ్ళు పసిగుడ్డులే" అంది. పసిగుడ్డు అనిపించుకోవడం ఏ పసివాడికి ఇష్టం? అందరూ తల ఊపారు.

చిట్టెలుగు వచ్చి, "ఉన్నారా?" అని అడిగింది. ఒక్కరూ పలకలేదు. రెండోసారి అడిగింది. అప్పన్న ఉండబట్టలేక నోరు తెరిచాడు. నూకాలు చటుక్కున కుడి అరచేత్తో వాడి నోరు మూసేసింది. చిట్టెలుగు మూడోసారి అడిగి, చిరిగిన చెవి ఇటు తిప్పి కాసేపు ఆలకించింది. తర్వాత తలపాగా తీసి చేత పట్టుకుని, వెనుదిరిగి వెళ్ళిపోయింది. తెర ఆరిపోయింది.

మర్నాడు లేచేసరికి, నూకాలుకు తప్ప రాజ్యంలోని చిన్నపిల్లలెవరికీ నోట మాట లేదు. ఆకలేస్తే ఖాళీ పళ్ళెం చూపించారు. దెబ్బ తగిలితే నోరు తెరిచారు గాని ఏడుపు వినపడలేదు. రాజవైద్యులు మాట రావడానికి వసకొమ్ము అరగదీసి నాలుకలకు రాశారు, లాభం లేకపోయింది. అప్పన్న మాత్రం తెర ముందునుంచి లేవడమే మానేశాడు.

"తెర వెలిగించి పిల్లలకు మాట తెప్పించినవారికి రాజుగారు కోరిందిస్తారహో!" అని అప్పలస్వామి వీధివీధినా దండోరా వేశాడు. డప్పును వేడిచేసి బిగించే గడ్డిమోపు ఎత్తుకుని వెనకే నడుస్తున్న నూకాలుకు, డప్పుమీద పడే ప్రతి దెబ్బా తన వీపుమీదే పడుతున్నట్టుంది. ఆమె కుడి గుప్పిట బిగుసుకుపోయి ఉంది. అప్పన్న అనబోయిన మాట ఆ సాయంత్రం అరచేతిలో చిక్కుకుపోయింది. అది అక్కడే తుమ్మెదలా జుమ్మంటోంది.

"సెయ్యి అలాగ ముడుసుకున్నావేటే?" అని తండ్రి అడిగాడు.

"ముల్లు గుచ్చుకుందయ్యా."

పాపం బిడ్డ అనుకుని ఆ పూట తండ్రే అన్నం కలిపి ముద్దలు తినిపించాడు. ఒక్క ముద్దా ఆమె గొంతు దిగలేదు. ఇక ఓర్చుకోలేక, తెల్లవారుతుండగానే కోటగోడ దగ్గరికి వెళ్ళి తెర అంచు పైకెత్తింది. వెనక గోడ లేదు, అడవి ఉంది.

రోజూ తెరలో చూసే ఆ అడవి ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలిసినదే. ఏ మలుపులో ఏ పుట్ట ఉందో తెలుసు. ఇప్పుడా చెట్లన్నీ బూడిద రంగుకు తిరిగి, చిలకలు కూడా నోరు మెదపకుండా కూర్చున్నాయి. ఏటి ఒడ్డున కొంగముని ఒంటికాలిమీద నిలబడి ఉన్నాడు.

"ముందు వరుసలో, తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకు కూర్చునే పిల్లవు కదూ?" అన్నాడు.

తెరలోంచి వాళ్ళకు తాము కూడా కనిపిస్తామని నూకాలుకు ఏనాడూ తోచలేదు. సిగ్గుతో తల వంచుకుంది.

"ఆ రోజు ఎవరూ పలకలేదేం తల్లీ?"

"ఎవులికీ తోసలేదు సామీ."

గుప్పిట ఒక్కసారిగా బరువెక్కింది. ముని అరటిబోదెల తెప్ప చూపించాడు. నడి ఏటిలో ఆ చేతి బరువుకు తెప్ప ఒరిగి తిరగబడింది. నూకాలు నీళ్ళు మింగుతూ, ఒంటిచేత్తో ఈదుకుంటూ ఎలాగో అవతలి ఒడ్డు పట్టుకుంది.

చింతచెట్టు కింద రాక్షసుడు మీసాలు వేలాడేసుకుని కూర్చున్నాడు. కోరలైనా తోముకున్నట్టు లేదు.

"రోజూ మీరు నన్ను ఛీ కొట్టేవారు. ఆ ఛీ వినకపోతే అన్నం సయించడం లేదు పిల్లా," అన్నాడు. అంతలోనే కళ్ళెర్రజేసి, "ఆ గుప్పిట్లో ఏముంది?" అని గర్జించాడు.

"గుగ్గిళ్ళు."

అంతే, గుప్పిట బండరాయిలా నేలకు జారి ఆమెను మోకాళ్ళమీద పడేసింది.

"గుగ్గిళ్ళు ఇంత బరువుండవు. నిజం చెబుతావా, నిన్ను మింగనా?"

నూకాలు భోరుమంది. "మా తమ్ముడి మాటుంది ఇందులో. ఆడు పలకబోతే నానే నోరు మూసీసినాను. ఎవులో నవ్వుతారని మూసీసినాను. ఇప్పుడు నన్ను మింగీ!"

గుప్పిట తేలికపడింది. రాక్షసుడు ముక్కు తుడుచుకుని లేచి, చిట్టెలుగు తనంతట తానే లోపలికెళ్ళి మూసుకున్న గుహ రాయిని భుజంతో పక్కకు నెట్టాడు. "రోజూ మూసేవాణ్ణి, తెరవడం ఇదే మొదలు. ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది."

లోపల చిట్టెలుగు తలపాగా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తిడుతుందని నూకాలు ఎదురుచూసింది. అది తిట్టలేదు.

"మీరంతా ఇళ్ళకు వెళ్ళిపోయారనుకున్నానమ్మా. చీకట్లో నాకు సరిగ్గా కనపడలేదేమో అని మూడుసార్లు అడిగాను," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. నూకాలు వెక్కివెక్కి ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది.

"నువ్వు పెద్దదానివయ్యావు. అందరూ అవుతారు. పెద్దయినవాళ్ళు వెళుతున్నామని చెప్పి వెళితే చాలు, నేనేమీ అనుకోను. కాని పలికేవాడి నోరు ఎందుకు మూశావు?" అంది చిట్టెలుగు.

నూకాలు గుప్పిట ముందుకు చాచింది.

"ఇక్కడ కాదు. అది ఎవరిదో వాడికే ఇవ్వాలి. దీపాల వేళకు నేనొస్తాను. మూడుసార్లు అడుగుతాను. ఈసారీ జవాబు రాకపోతే మళ్ళీ రాలేను," అంది చిట్టెలుగు.

నూకాలు వచ్చిన దారినే తిరిగి వచ్చింది. దీపాల వేళకు తెర వెలిగింది. ఊరంతా పరుగెత్తుకొచ్చింది, రాజుగారు చెప్పులు మరిచిపోయి వచ్చారు. "ఉన్నారా?" అని చిట్టెలుగు అడిగింది. నూకాలు తమ్ముడి ముందు కూర్చుని, చెయ్యి వాడి నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

అప్పన్న బెదిరి ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు. ఆ చేతిని వాడు మరిచిపోలేదు.

నూకాలు చెయ్యి వెనక్కి తీసుకుంది. "తమ్ముడూ, తప్పు నాదేరా. నీ మాట నీదే. కావాలంటే తీసుకో, నాను ముట్టుకోను," అని గుప్పిట విప్పి, అరచెయ్యి నేలమీద వెల్లకిలా పెట్టింది. వెనక సన్యాసమ్మ వింటోందని కూడా చూసుకోలేదు.

"ఉన్నారా?" రెండోసారి. అప్పన్న అక్కకేసి చూశాడు, తెరకేసి చూశాడు.

"ఉన్నారా?" మూడోసారి.

అప్పన్న వంగి, దోసిట్లో నీళ్ళు తాగినట్టు అక్క అరచేతికి మూతి ఆనించాడు. తల ఎత్తి, "ఉన్నాం!" అని అరిచాడు. ఆ వెంటనే రాజ్యంలోని పిల్లలందరూ అరిచారు. రాజుగారి అరుపు వాళ్ళందరికంటే పెద్దది. మంత్రి దగ్గలేదు.

కోరిక కోరుకోమంటే నూకాలు, "పాడుసేసిందీ నానే మారాజా," అని నిజం చెప్పేసింది. రాజు, "అయితే ఇదే నీ శిక్ష, ఇదే నీ బహుమానం. రోజూ దీపాల వేళకు డప్పు కొట్టి పిల్లల్ని పిలువు," అన్నాడు. అప్పలస్వామి తన డప్పును కూతురి భుజానికి తగిలించాడు.

ఏళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం, మీసం మొలుస్తున్న అప్పన్న లేచి నిలబడి, "ఎల్తన్నాను సిట్టెలుగూ," అన్నాడు. చిట్టెలుగు తలపాగా తీసి, "వెళ్ళిరా నాయనా," అంది. నూకాలు మాత్రం ఆ మాట ఏనాడూ అనలేదు. పెళ్ళయి, పిల్లల తల్లయి కూడా డప్పు పక్కన పెట్టి ముందు వరుసలో కూర్చునేది. కూతురు ఒళ్ళో కూర్చుంటే కుడి అరచెయ్యి విప్పి నేలమీద పెట్టుకునేది, పిల్ల గొంతెత్తి అరిచేదాకా తీసేది కాదు.

కథ తెర వెనక్కి వెళ్ళింది. చేతిలో ముద్ద ఆరిపోతోంది, ఇక తినండి.