వెళ్ళొస్తానన్న మాట

మూతవేళ అప్పుడే మొదలైంది. ఎర్రమెట్ట పేట మూడో వీధిలో గడపలు మళ్ళీ మొరాయించాయి. కూరగాయలు కొనుక్కొస్తున్న ఒక నిండు చూలాలు తన ఇంటి తలుపు ముందే నిలిచిపోయింది. గడపల మరమ్మతు చూసే ధాత్రి గొడుగూ నీళ్ళ సీసా పట్టుకుని పరిగెత్తి వచ్చేసరికి ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నా గడపే నన్ను ఎరగనంటంది, సూడమ్మా," అంది ఆమె ఏడుపు ఆపుకుంటూ.

ధాత్రి మరమ్మతు తాళంతో తలుపు తెరిచి ఆమెను లోపల కూర్చోబెట్టింది. విశాఖ శివార్లలో కట్టిన ఆ పేటలో వేసవి మధ్యాహ్నం బయట నిలబడడమంటే ప్రాణంతో చెలగాటమే. ఎండ ముదిరితే ఇళ్ళన్నీ బిగుసుకుని మూసుకుంటాయి. ఆ వేళకే మూతవేళ అని పేరు. అప్పుడు తలుపు తీసేది ఎరుకగడప ఒక్కటే. మనిషి నడకనూ గొంతునూ పోల్చుకుని అది తలుపు తీస్తుంది, ఇంటాయనకు నచ్చినంత గాలి, ఇంటావిడకు సరిపడేంత వెలుతురు వాళ్ళను నోటితో అడిగి మరీ అమరుస్తుంది. పేటలోని గడపలన్నిటి జ్ఞాపకమూ ఒకే పేటమెదడులో ఉంటుంది. అది నిండిపోయిన రోజు సొంత మనుషులు కూడా పరాయివాళ్ళైపోతారు.

నిర్వహణ కార్యాలయంలో సన్యాసినాయుడు గారు మజ్జిగ తాగుతున్నారు. ధాత్రికి పైఅధికారి, మంచివాడే, కాని పని పెరగడమంటే ఆయనకు సరిపడదు.

"రోజూ పొద్దున్నే మెదడును ఆపి మళ్ళీ లేపితే పోయేదానికి ఎందుకమ్మా ఇంత తంతు?"

"లేపగానే పాత బరువంతా మళ్ళీ నెత్తికెత్తుకుంటోంది సార్. తను ఎవరికోసం ఎదురుచూస్తోందో ఆ మనుషులను మాత్రం మరవకూడదని తయారుచేసినవాళ్ళు కట్టడి పెట్టారు. రెండ్రోజులకే మళ్ళీ నిండుతోంది. ముందుంది రోహిణి కార్తె."

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. ఆ పేటలో ఎవరింట్లోనూ రోలు లేదు. పగలడానికి మనుషులే మిగిలారు.

"ఏదో ఒక గడప తీసుకున్న చోటు తిరిగి ఇవ్వడం లేదు," అంది ధాత్రి. "అరువు తెచ్చుకున్న గిన్నెలు పొరుగింటికి తిరిగి ఇవ్వకపోతే ఏమవుతుంది? ఒకనాటికి వాళ్ళకు వండుకోవడానికి గిన్నె ఉండదు. ఆ జాగా ఎగవేత ఎక్కడ జరుగుతోందో పట్టుకోవాలి. జాగాకాపరిని సరిగ్గా అమర్చితే అదే చెబుతుంది."

జాగాకాపరి మెదడును కనిపెట్టుకుని ఉండే సాధనం. వచ్చినప్పటి అమరికలోనే దాన్ని వదిలేశారు. మెదడు దాదాపు నిండాక గంట కొట్టేది. ఇల్లు కాలాక నుయ్యి తవ్వమన్నట్టు. ధాత్రి ముందు ఆ హద్దును తగ్గించింది. దాంతో సాయంత్రం జనం ఇళ్ళు చేరే వేళ రోజూ గంట మోగసాగింది. అందరూ ఒక్కసారిగా ఇంటికి వస్తే జ్ఞాపకం పెరగడం సహజం, తెల్లారేసరికి తగ్గుతుంది కూడా. సన్యాసినాయుడు గారు చెవుల్లో దూది పెట్టుకుని తిరిగారు.

ధాత్రి పట్టు వదల్లేదు. ఎంత ఎత్తుకు పెరిగిందన్నది కాదు, ఎంత అడుక్కి దిగిందన్నది చూడాలని ఆమెకు తట్టింది. మెదడు తెల్లవారుజామున పనికిరానివన్నీ ఊడ్చేసుకుంటుంది. ఊడ్చాక కూడా మిగిలేది ఎంత? ఆ మిగులు రోజురోజుకూ పెరుగుతుంటేనే గంట కొట్టమని జాగాకాపరికి చెప్పింది. రెండు ఊడ్పుల తర్వాతి స్థితులను పక్కపక్కన పెట్టి, కొత్తగా పెరిగినవి ఏమిటో చూపమంది. గడప గడపకూ విడిగా గీత గీయమంది.

పెరుగుతున్నవన్నీ ఎదురుచూపు అరలే. బయటికి వెళ్ళిన మనిషి తిరిగి వచ్చేదాకా గడప తన దగ్గర అట్టిపెట్టుకునే అర అది. పేటలో ప్రతి ఇంటి గీతా మెట్లెక్కుతోంది. ఏడో వీధిలో ఒక్క ఇంటి గీత మాత్రం చదునుగా ఉంది. విచిత్రమేమిటంటే, ఆ నెలలో పేట మొత్తం మీద అందరికంటే ఎక్కువమంది వచ్చిపోయింది ఆ ఇంటికే.

అక్కడి గడప సరిగా లెక్కపెట్టడం లేదేమోనని ధాత్రి స్వయంగా వెళ్ళింది. తలుపు తీసిన నూకరత్నం వయసు మళ్ళిన మనిషి. గోడ మీద భర్త అప్పలకొండ పటానికి దండ ఉంది. పెద్దకర్మ అయి కొద్ది రోజులే అయిందట.

"మా గడపకి జబ్బేటమ్మా?" అంది నూకరత్నం.

"ఏమీ లేదు పిన్నిగారూ, చూసి పోదామని వచ్చాను."

గడప చక్కగా పనిచేస్తోంది. ధాత్రి పరికరాలు సర్దుకుని గుమ్మం దాటుతూ అలవాటుగా "వెళ్ళొ..." అని నాలుక కరుచుకుంది. చావింటి నుంచి వెళ్తూ ఎవరైనా వెళ్ళొస్తానంటారా? చడీచప్పుడు లేకుండా లేచి పోతారు.

ఆమె వీధిలోనే ఆగిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళెవరూ వెళ్ళొస్తామనలేదు. మిగతా ఇళ్ళల్లో పాలు పోసినవాడు, పేరంటానికి వచ్చినావిడ, పెళ్ళిచూపులకు వచ్చి మళ్ళీ ముఖం చూపించనివాళ్ళు, అందరూ ఆ మాట అనే గడప దాటారు. ఎక్కడో తయారైన గడప ఆ మాటను నమ్మింది. వస్తానన్నారు కదా అని ఒక్కొక్కరికీ అర అట్టిపెట్టి కూర్చుంది.

కార్యాలయపు గడప దగ్గర పరీక్షించింది. "వెళ్ళొస్తాను" అని బయటికి నడిస్తే అర ఉండిపోయింది. మరోసారి "పోతున్నాను" అంది.

"నోరు ముయ్యి తల్లీ!" సన్యాసినాయుడు గారు మజ్జిగ గ్లాసు వదిలేసి వచ్చారు. "శుక్రవారం పూట అవేం మాటలు?"

"అర ఖాళీ అయింది సార్!"

"అయితే? జనాన్ని పోతున్నామని చెప్పి వెళ్ళమందామా? చెప్పులు తీస్తారు."

మాటను మార్చలేరు కాబట్టి ధాత్రి గడువు పెట్టింది. వారంలోగా తిరిగి రానివాళ్ళను గడప మరచిపోతుంది.

"ఇంటివాళ్ళకి కూడానా?" అన్నారాయన.

"ఊరెళ్ళేవాళ్ళు గడపకు ముందే చెబుతారు సార్. చెప్పకుండా వారం పాటు ఇంటికి రాని ఇంటిమనిషి ఎవరుంటారు?"

ఆ తెల్లవారుజామున ఊడ్పులో పేటమెదడు సగానికి పైగా తేలికపడింది. రోహిణి కార్తె వచ్చింది. తారు కరిగింది, కాకులు నీడల్లోంచి కదల్లేదు, ఒక్క మనిషి కూడా తన గుమ్మం ముందు నిలబడిపోలేదు. ధాత్రికి గర్వంగా ఉంది. ఆ గర్వం దాచుకోనూ లేదు.

అప్పుడు నూకరత్నం కబురు చేసింది. గడప పాడైందట. ధాత్రి వెళ్ళి తలుపు వేసి తీసి చూసింది.

"తలుపు బాగానే తెరుచుకుంటోందిగా పిన్నిగారూ?"

"తలుపుకేటి, తెరుసుకుంటంది. ఆయన గురించి అడగడం మానేసినాది."

అప్పలకొండ ఆసుపత్రికి వెళ్తూ గుమ్మంలో వెనక్కి తిరిగి "ఎల్లొస్తానే" అన్నాడు. రాలేదు. గడప లెక్కలో మాత్రం ఆయన వస్తానన్న మనిషి. రోజూ దీపాల వేళకు అది అడిగేది: అప్పలకొండ గారు ఇంకా రాలేదు, వసారా దీపం ఉంచనా? నూకరత్నం ఉంచమనేది. ఆ తర్వాతే పొయ్యి దగ్గరికి వెళ్ళేది.

"అందరూ పోనాడు పోనాడు అన్నోళ్ళే తల్లీ. ఇదొక్కటే ఇంకా రాలేదు అన్నాది."

ధాత్రికి తన మాటే గుర్తొచ్చింది. చెప్పకుండా వారం పాటు రాని ఇంటిమనిషి ఎవరుంటారని తనే అడిగింది. జవాబు అప్పటికే ఈ ఇంటి గోడ మీద దండతో ఉంది. తను చూసింది కూడా.

"అది పాడవలేదు పిన్నిగారూ. మరచిపొమ్మని నేనే చెప్పాను. అందరినీ గుర్తుపెట్టుకోలేక గడపలు తలుపులు తెరిచేవి కావు. ఎండకు జనం పడిపోయేవాళ్ళు."

"మళ్ళీ గుర్తు సెయ్యలేవా?"

అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది. "ఆయన చోట్లో వేరేవి వచ్చి చేరాయి. గడప మళ్ళీ నేర్చుకోవాలంటే ఆయన వచ్చి దీని ముందు నిలబడాలి."

నూకరత్నం వంగి గడపను తడిమింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"జనం బతికినారు కదా, మంచి పనే సేసినావు," అంది. "నాకు దీపం కావాల. స్విచ్చెక్కడుందో సూపించు, నానే ఏసుకుంటాను."

ఆ ఇంట్లో స్విచ్చు లేదు. పేటలో ఏ ఇంట్లోనూ లేదు. కట్టినప్పుడే అవసరం లేదనుకున్నారు.

ఇంటివాళ్ళను మరచిపోయే ముందు ఆ ఇంటిని అడగాలని ధాత్రి మర్నాడే పేటమెదడుకు నేర్పింది. నూకరత్నానికి అది పనికిరాదని ఆమెకు తెలుసు. పాత సామాన్ల కొట్లో వెతికి ఒక స్విచ్చు పట్టుకుని ఏడో వీధికి వెళ్ళింది. వసారా గోడ ముందు తొలిచే మర పట్టుకుని నిలబడింది.

"ఎంత ఎత్తులో పెట్టమంటారు పిన్నిగారూ?"

నూకరత్నం వచ్చి గోడకు అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడ ఎట్టు తల్లీ. నా సెయ్యి అందాల. ఇకనించి నానే కదా ఎయ్యాల."

ధాత్రి ఆ వేళ్ళ పక్కనే గుర్తు పెట్టి గోడ తొలవడం మొదలుపెట్టింది.